హోండా సిటీకి ఎగ్జాస్ట్ మార్పు: ఎక్కడ చేయి పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

మీరు రాసిన వివరాలను ఒకసారి చెప్పుకొని మొదలుపెడతాను. కారు 2018 మోడల్ హోండా సిటీ, 1.5 లీటర్ల పెట్రోల్, మాన్యువల్ గేర్లు, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనుక సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడింది. రోజూ మియాపూర్‌లో పిల్లలను బడి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్తారు, నెలకు ఒకటి రెండుసార్లు మీ అమ్మగారిని తీసుకుని సూర్యాపేట వెళ్లివస్తారు. ఎలాగూ సైలెన్సర్ మార్చక తప్పదు కాబట్టి ఒక షాపుకు వెళ్తే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాట్ కన్వర్టర్ (క్యాట్) తీసేసి, రెండున్నర అంగుళాల స్టెయిన్‌లెస్ గొట్టం చివరిదాకా వేసి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్, అంటే అందులోని సెట్టింగుల మార్పు, కూడా చేస్తే పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందని చెప్పి 65 వేలు అడిగారు. చేయించవచ్చా అన్నది మీ ప్రశ్న.

వద్దు. వెనుక సైలెన్సర్‌ను, అవసరమైతే దానికి ముందున్న గొట్టాన్ని, మంచి లోహంతో మార్పించుకోండి. మధ్యలో ఉన్న రెజొనేటర్‌ను, అంటే మోతను అణిచే చిన్న డబ్బాను, అలాగే ఉంచండి. క్యాట్ మీద ఎవరినీ చేయి వేయనివ్వకండి. మీలాంటి కారుకు ఎగ్జాస్ట్ మార్పించడం అంటే నిజానికి కొనేది శక్తి కాదు, శబ్దం. ఆ శబ్దంతో మీ ఇంటిల్లిపాది కొన్నేళ్లు కాపురం చేయాలి కాబట్టి ఎంపిక కూడా ఆ లెక్కనే జరగాలి. ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తూ, చేయిస్తూ, చేసినవాటిని విప్పి సరిచేస్తూ ఉన్న అనుభవంతో ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

ముందు ఆ చిల్లు సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్తగా వేసే సైలెన్సర్ ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది అదే. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఉదయం పూట స్టార్ట్ చేసిన కారు తోక గొట్టం నుంచి చుక్కలు కారడం మీరు చూసే ఉంటారు. ఇంజన్ అరగంటకు పైగా నడిస్తే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కి ఆ నీరంతా ఆవిరిగానే బయటికి పోతుంది, కానీ ఇంటి నుంచి బడికి మూడు కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆఫీసుకు ఐదు కిలోమీటర్లు అన్నట్టు తిరిగే కారులో వెనుక డబ్బా వేడెక్కకముందే ప్రయాణం ముగుస్తుంది. ఆవిరి లోపలే నీరై, పొగలోని ఆమ్లాలతో కలిసి అడుగున నిలిచి, లోపలి నుంచి బయటికి తుప్పు తినుకుంటూ వస్తుంది. మీకు చిల్లు అడుగు భాగంలోనే పడడానికి కారణం ఇదే. చాలా సైలెన్సర్ల అడుగున గుండుసూది తల కంటే కొంచెం పెద్దదైన రంధ్రం ఒకటి ఉంటుంది. అది ఆ నీరు కారిపోవడానికి తయారీదారు పెట్టిన దారి. దాన్ని చూసి చిల్లు అనుకుని వెల్డింగ్‌తో మూసేసిన మెకానిక్‌లను నేను ఒకరిని కాదు, చాలామందిని చూశాను. కొత్త సైలెన్సర్ చేయిస్తే బిగించినప్పుడు అన్నిటికంటే కిందికి ఉండే చోట మూడు మిల్లీమీటర్ల రంధ్రం పెట్టించండి. వర్షాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్లలో కారు దిగినా, లోపలికి చేరిన నీటికి అదే దారి.

ఇప్పుడు శక్తి విషయం. మీ ఇంజన్ సామర్థ్యం కాగితం మీద 119 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవర్ లాంటి కొలతే), అది కూడా 6,600 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు. మియాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో మీరు ఎన్నిసార్లు 6,600 దాకా లాగుతారో మీకే తెలుసు. కంపెనీ బిగించిన గొట్టాలలో పొగ ప్రవాహానికి ఎక్కువ అడ్డు తగిలేది ఆ పై ఆర్‌పీఎంలలోనే కానీ, మనం రోజూ తిరిగే 1,500 నుంచి 3,000 మధ్య కాదు. టర్బో (పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) లేని ఇలాంటి ఇంజన్‌కు క్యాట్ తర్వాతి భాగమంతా మార్చి డైనో అనే శక్తిని కొలిచే యంత్రం మీద కొలిపిస్తే రెండు మూడు హార్స్‌పవర్ తేడా కనిపించవచ్చు, కానీ అదే కారును మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి చల్లబడ్డాక ఒకసారి కొలిచినా అంత తేడా వస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడి తీరంలో కంటే దాదాపు ఆరు శాతం తక్కువ కాబట్టి మీ 119 పీఎస్ ఇక్కడికి వచ్చేసరికే ఏడింటిని పోగొట్టుకుని ఉంటుంది. విశాఖలో నడిపినప్పుడు బండి కొంచెం హుషారుగా ఉందని మనవాళ్లు అనడం ఉత్త భ్రమ కాదు. పదిహేను పెరుగుతుందన్న షాపువారి మాట టర్బో కార్లకు చెప్పే లెక్కను మీ కారుకు తగిలించడమే. టర్బో వెనుక ఒత్తిడి తగ్గితే లాభం నిజంగానే ఎక్కువ, కానీ మీ కారులో టర్బోనే లేదు.

ఇక రెండున్నర అంగుళాల గొట్టం. ఇంజన్‌కు కొంత బ్యాక్‌ప్రెషర్, అంటే పొగకు ఎదురొత్తిడి, ఉండాలి అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. అది సగం నిజం కూడా కాదు. ఇంజన్‌కు కావలసింది ఒత్తిడి కాదు, పొగ వేగం. ఒక సిలిండర్ నుంచి వెళ్లిన పొగ తన వెనుక కొంత ఖాళీని వదులుతూ పోతే, ఆ లాగుడు తర్వాతి సిలిండర్‌లోని పొగను బయటికి తీస్తుంది. గొట్టం మరీ లావైతే ఆ వేగం పడిపోయి, కింది ఆర్‌పీఎంలో లాగే గుణం తగ్గుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఏసీ వేసుకుని నలుగురిని ఎక్కించుకున్నప్పుడు మీకు కావలసింది సరిగ్గా ఆ గుణమే. మీ ఇంజన్‌కు రెండు అంగుళాల గొట్టం, అంటే సుమారు 51 మిల్లీమీటర్లు, ఎక్కడా తక్కువ కాదు.

శబ్దం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చి బాధపడేవాళ్లందరూ బాధపడేది దీని గురించే. మొదటి రోజు షాపు ముందు నిలబడి యాక్సిలరేటర్ తొక్కి వినే శబ్దం ఒకటి, వంద కిలోమీటర్ల వేగంతో గంటన్నర కూర్చుని వినే శబ్దం వేరొకటి. మీ ఇంజన్ నాలుగు సిలిండర్లది కాబట్టి క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు మంట పేలుతుంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర లెక్కిస్తే సెకనుకు సుమారు 83 పేలుళ్లు, అంటే 83 హెర్ట్జ్ శబ్దం. మూసి ఉన్న కారు గది తనంతట తానుగా మోగే శబ్దం కూడా సాధారణంగా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు చెవిలో కాకుండా తలలో, ఛాతీలో వినిపించే మొద్దు మోత ఒకటి పుడుతుంది. దాన్నే డ్రోన్ అంటారు. చిక్కు ఏమిటంటే, మీ తరహా కార్లు టాప్ గేర్‌లో హైవే వేగంతో పోయేది సరిగ్గా 2,500 నుంచి 3,000 మధ్యనే. నగరంలో తిరిగినంతసేపు అది బయటపడదు, విజయవాడ రోడ్డు ఎక్కాక గానీ తెలియదు.

2004లో నా సొంత మారుతి ఎస్టీమ్‌కు నేను చేసిన నిర్వాకం అదే. కుర్రతనం, చేతిలో పని, ఒక వెల్డర్ స్నేహితుడు. రెజొనేటర్ కోసి అక్కడ నేరుగా గొట్టం వేయించి, వెనుక సన్నటి సైలెన్సర్ పెట్టించాను. షెడ్డు ముందు వింటే అద్భుతంగా ఉంది. ఆ వారమే అత్తగారిని, భార్యను, చంటిపిల్లను తీసుకుని విజయవాడ బయలుదేరాను. చౌటుప్పల్ దాటేసరికి అత్తగారు మాట్లాడడం మానేశారు. నార్కట్‌పల్లిలో టీకి ఆగినప్పుడు కిందికి దిగి, "బండిలో బోరు మోటారు పెట్టించారా అల్లుడుగారూ?" అని అడిగారు. తిరుగు ప్రయాణంలో అద్దాలు దించుకుని, గాలి హోరును భరిస్తూ, 60 కిలోమీటర్ల వేగంతో వచ్చాం. సోమవారం ఉదయం షెడ్డు తెరవగానే తుక్కులో పడి ఉన్న పాత రెజొనేటర్‌ను వెతికి తెచ్చి మళ్లీ అతికించాను.

రెజొనేటర్ ఉంచమని అంత పట్టుగా చెప్పడానికి కారణం అది. అది ఉన్నా కొత్త సైలెన్సర్‌తో డ్రోన్ వస్తే దానికి మందు ఉంది. ప్రధాన గొట్టానికి పక్కన కొస మూసిన ఒక గొట్టాన్ని కొమ్మలా అతికిస్తారు. ఆ కొమ్మ పొడవు అణచవలసిన శబ్దపు తరంగంలో నాలుగో వంతు ఉంటే, అందులోకి వెళ్లి కొసన తగిలి తిరిగివచ్చిన శబ్దం అసలు శబ్దానికి ఎదురై దాన్ని తినేస్తుంది. వేడి పొగలో శబ్దం సెకనుకు సుమారు 480 మీటర్లు పోతుంది అనుకుంటే, 83 హెర్ట్జ్‌కు కావలసిన కొమ్మ దాదాపు మీటరున్నర పొడవు వస్తుంది. కారు అడుగున అంత చోటు వెతకడం ఒక యాతన, వంచి తిప్పి సర్దాలి. దానికంటే ముందే పెద్ద పరిమాణం ఉన్న సైలెన్సర్ ఎంచుకోవడం సుఖం. ఇంజన్ పరిమాణానికి పది రెట్లు ఉండాలన్నది పాతకాలపు లెక్క. మీ కారుకు పదిహేను లీటర్ల డబ్బా అన్నమాట. లోపల చిల్లుల గొట్టం చుట్టూ గాజు నూలు నింపిన, పొగ నేరుగా పోయే రకం సైలెన్సర్లు మొదట్లో మృదువుగానే ఉంటాయి, కానీ రెండు మూడేళ్లకు ఆ నూలు కాలి, ఎగిరిపోయి శబ్దం పెరుగుతూ పోతుంది. గదులు, అడ్డుగోడలు ఉన్న రకం ఎప్పటికీ ఒకేలా ఉంటుంది. ఇంటి కారుకు నేను రెండోదే వేయిస్తాను.

క్యాట్ విషయంలో నాది మెతక వైఖరి కాదు. లోపల తేనెపట్టులాంటి సెరామిక్ దిమ్మ, దాని మీద ప్లాటినం, పలాడియం, రోడియం పూత ఉంటాయి. సుమారు 300 డిగ్రీలకు వేడెక్కాక అది కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని పెట్రోల్ ఆవిరిని నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లను తిరిగి నైట్రోజన్‌గా మారుస్తుంది. మన దేశంలో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు ఇది 1995 నుంచే తప్పనిసరి అయింది. క్యాట్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. క్యాట్ తీసేస్తే రెండోది మొదటిదానిలాగే ఊగడం మొదలుపెట్టి, పి 0420 అనే కోడ్‌తో చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది. షాపువారు చెప్పిన రీమ్యాప్‌లో సగం పని ఆ దీపం నోరు నొక్కడమే. ఆ తర్వాత నిజంగా ఏదైనా జబ్బు వచ్చినా కారు మీకు చెప్పుకోలేదు. మరొక మాట: తీసిన క్యాట్‌కు తుక్కు బజారులో మంచి ధర ఉంది. కొందరు దాన్ని ఎందుకంత ఉత్సాహంగా తీస్తామంటారో ఆలోచించండి, ఏ పని చేయించినా విప్పిన ప్రతి భాగాన్నీ తిరిగి డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి.

చట్టం సంగతి పొడిగా చెప్పేస్తాను. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 120వ నియమం ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరిన వాహనాన్ని నడిపితే మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత అందులో మొదటి తప్పుకు ఉన్న గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు లేదా పది వేల రూపాయల జరిమానా లేదా రెండూ, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. చౌరస్తాలో ఎంత చలానా రాస్తారన్నది వేరే సంగతి. కంపెనీ సైలెన్సర్‌కు సమానమైన శబ్దంతో, క్యాట్ ఉన్న కారుకు ఈ భయం ఏదీ ఉండదు. బీమా కంపెనీకి కూడా చేయించిన మార్పును రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిమ్ రోజున వాదన పెట్టుకోవడం కంటే అది తేలిక.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనది, వెనుక సీటులో కూర్చునే పిల్లలు. కారు అడుగున, తోక గొట్టానికి ముందు ఎక్కడ లీకు ఉన్నా పొగ నేల కిందే పరుచుకుంటుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు డిక్కీ రబ్బరు సందుల నుంచి, వైర్లు పోయే రంధ్రాల నుంచి అది లోపలికి చేరగలదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. క్యాట్ పనిచేస్తున్న కారులో అది చాలా తక్కువ, క్యాట్ లేని కారులో చాలా ఎక్కువ. ఇప్పుడు మీ సైలెన్సర్‌కు చిల్లు ఉంది కాబట్టి పని అయ్యేదాకా అద్దాలు మూసుకుని, స్టార్ట్‌లో ఉంచి ఆగి ఉండడం మానండి.

లోహం ఎంపికలో మోసం ఎక్కువ. కంపెనీ గొట్టాలలో తరచూ కనిపించే 409 రకం స్టెయిన్‌లెస్‌లో క్రోమియం పదకొండు శాతం దరిదాపుల్లో ఉంటుంది, పైన ఎర్రగా తుప్పు రంగు వచ్చినా లోతుకు దిగదు, అయస్కాంతానికి అంటుకుంటుంది. 304లో పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉంటాయి, అయస్కాంతానికి అంటదు. అయితే అంటకపోతే 304 అని నమ్మేయకండి. చవకగా దొరికే 202 కూడా అంటదు, పైగా కొత్తలో అంతే మెరుస్తుంది, వానాకాలాలు రెండు గడిచాక దాని రంగు బయటపడుతుంది. రాణిగంజ్‌లో గొట్టం కొన్నా, పుత్లీబౌలిలో తయారు సైలెన్సర్ కొన్నా బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అదే మీకు జవాబు. స్టీలు తుక్కు కొనేవాళ్ల దగ్గర చుక్క రసాయనంతో 200 సిరీస్‌ను పట్టే చిన్న పరీక్ష ఉంటుంది, ఒక ముక్క తీసుకెళ్తే నిమిషంలో తేల్చేస్తారు.

గొట్టం వంపుల దగ్గర ముడతలు లేకుండా, లోపలి వ్యాసం తగ్గకుండా ఉండాలి. దీన్ని మాండ్రెల్ బెండ్ అంటారు. మామూలు యంత్రం మీద వంచితే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోయి, మీరు డబ్బు పెట్టిన రెండు అంగుళాలు ఒకటిన్నర అవుతాయి. అతుకులు ఆర్గాన్ వెల్డింగ్‌తో చేయించండి. మామూలు కడ్డీతో అతికించిన స్టెయిన్‌లెస్ అతుకు దగ్గరే ముందు తుప్పు పడుతుంది. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి, ఎర్త్ క్లాంపును అతుకుకు దగ్గరగా పెట్టించండి. ఈ రెండూ మరిచిపోయి ఈసీయూ పోగొట్టుకున్న కారు నా చేతికి వచ్చింది, ఆ బిల్లు ముందు సైలెన్సర్ బిల్లు చిల్లర డబ్బులు.

మరొక విషయం చాలామంది వెల్డర్లు పట్టించుకోరు. 304 స్టీలు వేడికి బాగా సాగుతుంది. మూడు మీటర్ల గొట్టం రెండు వందల డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. అందుకే అది రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడాలి. గడగడలాడుతోందని ఇనుప పట్టీతో బాడీకి బిగించేస్తే నెల తిరగకుండానే అతుకు చీలుతుంది. పాత రబ్బర్లు పగుళ్లు వేసి ఉంటే ఇప్పుడే అన్నీ మార్పించండి. మీ కారు నేలకు 165 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. ఐదుగురు కూర్చుని డిక్కీ నిండితే అది ఇంకా తగ్గుతుంది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు ఏ కొలతకూ లోబడి కట్టినవి కావు. కాబట్టి కొత్త గొట్టం ఏ చోటా పాతదానికంటే కిందికి దిగకూడదు. ర్యాంప్ మీద ఉన్నప్పుడే పాత గొట్టాన్ని పక్కన పెట్టి కొలిచి చూడండి.

పని పూర్తయ్యాక డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష మీరే చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, మందపాటి గుడ్డను తడిపి నాలుగు మడతలు వేసి తోక గొట్టానికి ఐదారు సెకన్లు గట్టిగా అదిమి పట్టుకోండి. మరొకరిని కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని వినమనండి. అతుకులు బాగుంటే ఇంజన్ ఉక్కిరిబిక్కిరి అయినట్టు మూలుగుతుంది, గుడ్డను బలంగా వెనక్కి తోస్తుంది. ఎక్కడైనా సందు ఉంటే బుస్సుమనో టపటపమనో అక్కడి నుంచి వినిపిస్తుంది. ఆ చోట సబ్బు నీళ్లు పోస్తే బుడగలు చూపిస్తాయి. ముఖ్యంగా ఫ్లాంజ్ గ్యాస్కెట్లు (గొట్టాలను బోల్టులతో కలిపే చోట మధ్యలో పెట్టే సీళ్లు) కొత్తవి వేశారో లేదో అడగండి, పాతవాటికే సీలెంట్ పూసి బిగించడం మామూలు అలవాటు. ఆ తర్వాత నలుగురినీ ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద పది కిలోమీటర్లు టాప్ గేర్‌లో, 2,300 నుంచి 3,000 మధ్య నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ నడపండి. డ్రోన్ ఉంటే అక్కడే తెలుస్తుంది. మరొకరిని నడపమని, మీరు ముందు సీటులో కాదు, వెనుక సీటులో కూర్చుని కూడా వినండి. మీ అమ్మగారు కూర్చునేది అక్కడే కదా. ఐదు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ర్యాంప్ ఎక్కించి, వేడికి సడలిన బోల్టులను ఒకసారి బిగించుకోండి.

పాత రెజొనేటర్‌కు తుప్పు పట్టి మార్చక తప్పకపోతే, కొత్తది వేశాక కూడా పాతదాన్ని తుక్కువాడికి ఇవ్వకండి. అటక మీద పెట్టుకోండి. కొత్తదానితో మోత వస్తే, పొడవు, వ్యాసం, లోపలి గదుల అమరిక కొలవడానికి వెల్డర్‌కు కావలసిన నమూనా అదొక్కటే.